మనిషిని చూసి గ్రహించడం పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటే వస్తుందా?

వెన్నెల (తిరుపతి)

అందరికీ నమస్కారం. నేను బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ఈ మధ్య జీతం పెంచే మాట వచ్చినప్పుడు మా మేనేజరు గారు, "పని శుభ్రంగా చేస్తావమ్మా, కానీ మనిషిని చూసి గ్రహించే గుణం తక్కువ" అన్నారు.

ఆయన చూపించిన ఉదాహరణ ఇది. దర్శనం చేసుకుని, కొండ మీద నుంచి నడిచి దిగి వచ్చిన ఒక కుటుంబం గది అడిగింది. నేను ఆధార్ కార్డులు తీసుకుని రిజిస్టరులో రాస్తున్నాను. పక్కనే ఉన్న మా సహోద్యోగి రెండో అంతస్తు తాళం వెనక్కి పెట్టేసి, కింది గది తాళం తీశాడు. వాళ్లు అడగలేదు. తర్వాత ఎందుకని అడిగితే, "పెద్దాయన కౌంటరు దాకా గోడ పట్టుకుని వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టమని" అన్నాడు. మూడు వేల పైచిలుకు మెట్లు దిగిన మోకాళ్లు మరి.

అతనికి కనబడినవన్నీ నా ముందే జరిగాయి. అసలు సూక్ష్మంగా గ్రహించే మనిషి అంటే ఎవరు? ఇది నేర్చుకోగలిగేదేనా? తెలిసినవారు చెప్పండి.

పాత పద్దు (చిత్తూరు)

అమ్మా, ముందు ఒక మాట. ఆవులిస్తే పేగులు లెక్కపెడతామని చెప్పుకునేవాళ్లను బ్యాంకులో నౌకరీ చేసినంత కాలం చూశాను. అప్పు అడగడానికి వచ్చినవాడి ముఖం చూసి, "వీడు కట్టడు" అని తేల్చేసే అధికారి ఒకరు ఉండేవారు. తన అంచనా ఎప్పుడూ తప్పలేదని గర్వం. ఎలా తప్పుతుంది? ఆయన అప్పు ఇవ్వనివాళ్లు కట్టేవాళ్లో కాదో ఎవరికి తెలుస్తుంది? వాళ్లు మళ్లీ వచ్చి, "సార్, మీరు ఇచ్చి ఉంటే కట్టేవాణ్ని" అని రుజువు చూపించరు కదా. ఇచ్చినవాళ్లలో ఎగ్గొట్టినవాడు ఉంటే మాత్రం, "నాకు అప్పుడే అనుమానం వచ్చింది" అనేవారు.

మీ లాడ్జిల్లో కూడా ఒంటరిగా వచ్చిన కుర్రవాణ్ని చూసి గది లేదని పంపేస్తారు. ముఖం చూస్తేనే తెలుస్తుందట! పంపేసినవాడు ఎలాంటివాడో చివరిదాకా తెలియదు.

గోడ పట్టుకోవడం చూసిన కుర్రవాడు వేరు. అతను చూసింది చేతిని, మోకాలిని. గుణాన్ని కాదు.

తోతాపురి (దామలచెరువు)

పాత పద్దు గారు చెప్పినదానికి మండీ నుంచి ఒక మాట.

మామిడి సీజనులో లారీ వచ్చిందంటే కాయ ముదిరిందా లేదా అన్నది రెండు నిమిషాల్లో తేల్చాలి. కొత్తవాడు రంగు చూస్తాడు. రంగు చూస్తే కొంప మునిగినట్టే, ఎందుకంటే మా తోతాపురి ముదిరినా పచ్చగానే ఉండవచ్చు. చూడవలసింది తొడిమ చుట్టూ. లేత కాయలో తొడిమ పైకి పొడుచుకుని ఉంటుంది. ముదిరిన కాయలో చుట్టూ కండ ఉబ్బి, తొడిమ చిన్న గుంటలో కూర్చున్నట్టు కనబడుతుంది. అనుమానం ఉంటే బకెట్టు నీళ్లలో వేస్తాం. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. అప్పటికీ తెగకపోతే కోస్తాం. టెంక పక్కన కండ పసుపు తిరిగి ఉండాలి.

మా నాన్నగారు చేత్తో ఎత్తి చూసి చెప్పేసేవారు. జనం అదేదో దైవదత్తం అనుకునేవారు. ఆయన చెప్పిన వెంటనే కాయను కోసేవారని మాత్రం ఎవరూ గమనించలేదు. చెప్పడం, కోయడం, చూడడం. బతుకంతా అదే చేశారు. మండీలో కత్తి ఉంటుంది కాబట్టి మాకు తెలివి వస్తుంది. మనిషిని కోసి చూడలేం, అదే చిక్కు.

ఎస్వీయూ చెట్టు నీడ (తిరుపతి)

తోతాపురి అన్నా, మీ నాన్నగారి కత్తి మీద మనస్తత్వ శాస్త్రంలో పెద్ద వాదమే నడిచింది. డేనియల్ కానెమన్ అంతఃస్ఫురణను నమ్మని మనిషి. గ్యారీ క్లైన్ అగ్నిమాపక సిబ్బందిని పరిశీలించి, అనుభవజ్ఞుల స్ఫురణ నిజమైన జ్ఞానమే అని వాదించినవాడు. ఇద్దరూ తగువు తీర్చుకుందామని కూర్చుని 2009లో ఒక వ్యాసం రాశారు. వాళ్లు ఒప్పుకున్నది ఏమిటంటే, స్ఫురణను నమ్మాలంటే రెండు ఉండాలి. ఆ రంగంలో సంకేతానికీ ఫలితానికీ నిలకడైన సంబంధం ఉండాలి. చాలాకాలం సాధన చేస్తూ, తన అంచనా ఒప్పో తప్పో తెలుసుకునే అవకాశం ఉండాలి. మండీలో రెండూ ఉన్నాయి. పాత పద్దు గారు చెప్పిన అప్పుల అధికారికి రెండోది సగమే ఉంది. తాను ఎంత గట్టిగా నమ్ముతున్నాడన్నది మాత్రం ఇద్దరిలోనూ ఒకేలా ఉంటుంది. అందుకే మనిషి ధీమా చూసి ఏదీ తేల్చలేం.

వెన్నెల గారూ, మీకు కనబడకపోవడం గురించి. 1999లో సైమన్స్, షాబ్రిస్ అనే ఇద్దరు ఒక వీడియో చూపించి, తెల్ల చొక్కాలవాళ్లు బంతిని ఎన్నిసార్లు విసురుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచి వచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోయింది. చూసినవాళ్లలో దాదాపు సగం మంది ఆ గొరిల్లాను గమనించనేలేదు. 2013లో ఇంకో బృందం ఊపిరితిత్తుల స్కానులో చిన్న గొరిల్లా బొమ్మ అతికించి 24 మంది రేడియాలజిస్టులకు చూపించింది. 20 మందికి కనబడలేదు. వాళ్లు మొద్దులు కారు, గడ్డల కోసం వెతుకుతున్నారు, అంతే.

మీరు ఆధార్ అంకెలు వెతుకుతున్నారు. మీ సహోద్యోగి చేతిలో ఆ పూట పని లేదు. మేనేజరు గారు ఇద్దరికీ ఒకే మార్కుల కాగితం ఇచ్చారు.

వెన్నెల (తిరుపతి)

ఈ మాట మా మేనేజరు గారితో అంటే ఉద్యోగం ఉంటుందా :) అన్నట్టు, నేను రేణిగుంట నుంచి రెండు బస్సులు మారి వస్తానని ఆయనకు మొన్ననే తెలిసింది. నేను చేరి ఏడాది దాటింది.

గంధం గుండు (తిరుపతి)

నేను కొండ మీద శ్రీవారి సేవకు వెళ్తుంటాను. అక్కడ నేర్చుకున్నది ఒకటి చెబుతాను.

తప్పిపోయిన పిల్లవాడు ఏడుస్తాడని అందరూ అనుకుంటారు. ఏడ్చే పిల్లల్లో చాలామంది అమ్మ కొంగు పట్టుకునే ఏడుస్తుంటారు, బొమ్మ కొనలేదనో, ఆకలికో. నిజంగా తప్పిపోయినవాడు మొదట కాసేపు ఏడవడు. మిగతా పిల్లలు బొమ్మల దుకాణం వైపు, ఏనుగు వైపు, తమ ఎత్తులో ఉన్నవాటి వైపు చూస్తుంటారు. వీడు తల పైకెత్తి పెద్దవాళ్ల ముఖాలు చూస్తుంటాడు. ఒక ముఖం, ఇంకో ముఖం. నాలుగడుగులు ముందుకు, మళ్లీ నాలుగడుగులు వెనక్కి. అది చూసిన వెంటనే వెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. ఏడుపు అప్పుడు మొదలవుతుంది.

కల్యాణకట్ట బయట ఇంకో రకం. నాన్న లోపలికి జుట్టుతో వెళ్లి, గుండు చేయించుకుని గంధం పూసుకుని వస్తాడు. రెండేళ్ల బిడ్డ ఆయన్ను చూసి జడుసుకుని కేకలు పెడుతుంది. కొత్తగా వచ్చిన సేవకులు ఎవరో బిడ్డను ఎత్తుకుపోతున్నారని పరుగెత్తబోతారు. నాన్న గొంతు వినగానే బిడ్డ సర్దుకుంటుంది, చెయ్యి చాచి గుండు తడిమి చూస్తుంది.

కాబట్టి వెన్నెలమ్మా, నా వరకు గ్రహించడం అంటే ఆ చోట మామూలుగా ఏమి జరుగుతుందో బాగా తెలిసి ఉండడం. మామూలు తెలిస్తే తేడా తనంతట తానే కనబడుతుంది.

మదనపల్లె బండి

ఇంత దూరం వచ్చాక మా ఊరివాణ్ని తలచుకోకపోతే ఎలా? జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలోనే పుట్టారు. జీవితమంతా ఆయన చెప్పింది చూడడం గురించే. మనం మనిషిని చూడడం లేదు, ఆ మనిషి మీద మన మనసులో పేరుకున్న బొమ్మను చూస్తున్నాం అనేవారు. భార్యాభర్తలు కూడా ఒకరి బొమ్మతో ఒకరు కాపురం చేస్తారని. పేరు పెట్టకుండా, మంచి చెడు తేల్చకుండా చూడగలిగితేనే అది చూడడం. మీరందరూ అంచనాలు, ఫలితాలు అంటున్నారు. అంచనా మొదలైన చోట చూపు ఆగిపోతుంది కదా?

తోతాపురి (దామలచెరువు)

బండి అన్నా, పేరు పెట్టకుండా, తేల్చకుండా లారీ దించుకుంటే మా మండీ మూసుకోవడమే.

మదనపల్లె బండి

నవ్వండి నవ్వండి. మీ నాన్నగారు "ఫలానా రైతు కాయ ఎప్పుడూ లేతే" అనుకుని చేత్తో పట్టుకున్నారా, లేక ఆ రైతు ఎవరో మరిచిపోయి కాయను పట్టుకున్నారా? నేను అడుగుతున్నది అదే.

తోతాపురి (దామలచెరువు)

అది ఒప్పుకోవలసిందే. ఎవరి కాయో ముందుగా చెప్పవద్దనేవారు.

పాత కోడలు (చిత్తూరు)

అందరూ గ్రహించడాన్ని వరంలా మాట్లాడుతున్నారు. ఇంకో వైపు నుంచి నేను రాస్తాను.

మా పుట్టింట్లో నాన్నగారికి కోపం ఎక్కువ. సాయంత్రం ఇంటి గేటు గడియ తీసే చప్పుడును బట్టి నేనూ చెల్లీ పుస్తకాలు తీయాలో, వంటింట్లోకి వెళ్లాలో నిర్ణయించుకునేవాళ్లం. గడియ ఒక్కసారి మోగితే పర్వాలేదు. రెండోసారి లాగి వేశారంటే ఆ పూట ఎవరూ మాట్లాడకూడదు. పెళ్లయి వచ్చాక అత్తగారు కాఫీ తాగిన స్టీలు గ్లాసును తొట్టిలో ఎలా వేశారన్నదాన్ని బట్టి ఆ రోజు ఏ కూర వండాలో తెలిసేది. మావారు పదిమందిలో, "మా ఆవిడ మనిషిని ఇట్టే పసిగట్టేస్తుంది" అని మెచ్చుకుంటారు. ఆయనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. ఆయన మూడు ముద్దలు తిని ప్లేటు జరిపితే ఇంట్లో నలుగురు కారణం వెతుకుతారు. ఆయన ఎవరి కారణమూ వెతకరు.

మా ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయిని చూడండి. గుమ్మంలో చెప్పులు విడిచేలోపే ఇంట్లో గాలి ఎలా ఉందో ఆమెకు తెలిసిపోతుంది. ఆమె ఇంట్లో ఏమి జరుగుతోందో మాకు ఎంత తెలుసు? కింద ఉన్నవాళ్లు పైవాళ్లను చదువుతారు. పైవాళ్లకు చదవకపోయినా రోజు గడిచిపోతుంది. వెన్నెలకు గుణం తక్కువ అని చెప్పిన మేనేజరు గారికి రేణిగుంట సంగతి తెలియకపోవడంలో వింత ఏముంది?

ఇంకొకటి. ఇలా పెరిగినవాళ్లు కోపాన్ని బాగా పసిగడతారు గాని, కోపం లేని చోట కూడా దాన్నే వింటారు. మా అబ్బాయి తలుపు గాలికి పడినా నా గుండె జారుతుంది. ఇది గ్రహణశక్తి అంటారో, కాపలా అంటారో మీరే చెప్పండి.

ఎస్వీయూ చెట్టు నీడ (తిరుపతి)

అక్కా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. కఠినమైన ఇళ్లలో పెరిగిన పిల్లలు కోపపు ముఖాన్ని మిగతావాళ్లకన్నా తొందరగా, తక్కువ ఆనవాళ్లతోనే గుర్తుపడతారని పరిశోధనల్లోనూ ఉంది. అందులోని రెండో సగం మీరే రాశారు.

పాత పద్దు (చిత్తూరు)

పాత కోడలు గారికి నమస్కారం. ఇన్నేళ్ల నౌకరీలో కౌంటరుకు ఇవతలి వైపు ఉన్న నాకు ఈ మాట ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఒక అనుబంధం. దొంగనోటు విషయంలో క్యాషియరు వేలు కంటికన్నా ముందే ఆగుతుంది. కొత్త 500 నోటు రెండు అంచుల్లో ఐదేసి గీతలు ఎత్తుగా అచ్చు వేసి ఉంటాయి, అసలు చూపులేనివారి కోసం. కట్ట లెక్కపెడుతుంటే నున్నటి నోటు దగ్గర వేలు తడబడుతుంది. ఎందుకు ఆగానో తర్వాత వెతుక్కుంటాం. కానీ నోటు నన్ను చూసి భయపడదు. మనిషి భయపడతాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడని సామెత. నేను చూసినంతలో దొంగతనం చేయనివాళ్లే ముందు తడుముకుంటారు, నిలదీసినందుకు కంగారుపడి. అసలు దొంగ చేతులు కట్టుకుని నిలబడతాడు.

ఎస్వీయూ చెట్టు నీడ (తిరుపతి)

సార్, దానికి లెక్క ఉంది. అబద్ధం పసిగట్టడం మీద వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి 2006లో బాండ్, డిపాలో లెక్కకట్టారు. సగటున జనం 54 శాతం సార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది.

ముఖకవళికలు చదవడంలో మనకన్నా ఘనుడు ఒక గుర్రం ఉండేది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని, జవాబు ఎంతో అన్నిసార్లు డెక్కతో కొడుతుందని పేరు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ గుట్టు విప్పాడు. ప్రశ్న అడిగినవాడికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదు. సరైన అంకె రాగానే అడిగినవాడి తల వెంట్రుకవాసి కదిలేది. దాన్ని చూసి అది ఆపేసేది. ఆ కదలిక తమలో ఉందని అడిగినవాళ్లకే తెలియదు. గుర్రం గ్రహించింది నిజం. మనుషులు దానికి లెక్కలు వచ్చనుకోవడం వేరే సంగతి.

మదనపల్లె బండి

గుర్రం పేరు పెట్టకుండా చూసింది :)

రాత్రి డ్యూటీ (తిరుపతి)

డ్యూటీ దిగి ఇప్పుడే అన్నీ చదివాను. పసిపిల్లల వార్డులో నర్సును.

పుట్టిన రెండు మూడు రోజులకు చాలామంది బిడ్డలకు కామెర్లు కనబడతాయి. మేము బిడ్డను కిటికీ వెలుతురులోకి తీసుకెళ్లి, నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి వదులుతాం. రక్తం తప్పుకుని చర్మం తెల్లబడిన ఆ ఒక్క క్షణంలో కింద పసుపు ఉందో లేదో కనబడుతుంది. తర్వాత ఛాతీ మీద, పొట్ట మీద, మోకాలి కింద. పసుపు ముఖం నుంచి కిందికి దిగుతుంది, ఎంత కిందికి దిగితే అంత ఎక్కువని లెక్క. ట్యూబులైటు కింద మోసపోతాం, చామనచాయ బిడ్డలో ఇంకా కష్టం. అందుకే ఎంత అనుభవం ఉన్నా కంటితో తేల్చేయం, రక్త పరీక్షకు పంపుతాం.

నాకు నేర్పిన సిస్టరు ఒక అలవాటు చేయించారు. పరీక్షకు పంపే ముందు మన అంచనా అంకె కాగితం మీద రాయాలి. రిపోర్టు వచ్చాక పక్కన పెట్టి చూడాలి. రాయకపోతే రిపోర్టు చూసిన తర్వాత అందరం "నేను అదే అనుకున్నాను" అంటాం. తోతాపురి గారి కత్తి లాంటిదే ఇది.

వెన్నెలా, మీరూ చేయవచ్చు. కుటుంబం తలుపు తోసుకుని లోపలికి వచ్చేటప్పుడు, రిజిస్టరు తెరవకముందు, ఒక్క చూపు చూడండి. కింద గదా, పైన గదా అని మనసులో అనుకోండి. తర్వాత అడగండి. మీ అంచనా ఎన్నిసార్లు తప్పుతుందో తెలిస్తే, ఏవి చూడాలో అవే నేర్పుతాయి.

వెన్నెల (తిరుపతి)

అక్కా, చాలా థాంక్స్. కానీ అడిగితే పెద్దవాళ్లు "పర్వాలేదమ్మా, ఎక్కగలను" అనేస్తారు. కొడుకు ముందు, కోడలి ముందు ఇంకానూ. అడగకుండా ఇవ్వడంలోనే కదా మా సహోద్యోగి గొప్పతనం?

ఎస్వీయూ చెట్టు నీడ (తిరుపతి)

అడగడాన్ని తక్కువ చేయకండి. ఎయల్, స్టెఫెల్, ఎప్లీ అనే ముగ్గురు 2018లో ప్రచురించిన పనిలో 25 ప్రయోగాలు ఉన్నాయి. ఎదుటివారి స్థానంలో మనల్ని ఊహించుకుంటే వాళ్ల మనసు బాగా తెలుస్తుందా అని చూశారు. ఊహించుకోవడం వల్ల అంచనా మెరుగుపడలేదు. నేరుగా అడిగినప్పుడు మెరుగుపడింది. అడగందే అమ్మయినా పెట్టదని మనవాళ్లు బిడ్డలకు చెప్పారు. అమ్మలకు కూడా చెప్పవలసింది.

రాత్రి డ్యూటీ (తిరుపతి)

పరిశోధన సరే, అడగడంలో తేడా ఉంది. "తాతా, మెట్లు ఎక్కగలరా?" అంటే ఆయన పరువు అడ్డం వస్తుంది. "కింద ఒకటి, పైన ఒకటి ఖాళీగా ఉన్నాయి. అద్దె ఒకటే. ఏది ఇవ్వమంటారు?" అనండి. కారణం ఆయన చెప్పనక్కర లేదు, మీరు ఊహించినట్టూ కనబడదు. బాలింతను నేను "ఏడ్చారా?" అని ఎప్పుడూ అడగను. "రాత్రి నిద్ర పట్టిందా?" అంటాను. చెప్పాలనుకున్నవాళ్లు అక్కడి నుంచి అన్నీ చెబుతారు, వద్దనుకున్నవాళ్లు "పట్టింది" అని ఊరుకుంటారు.

పాత కోడలు (చిత్తూరు)

ఇది నిజం. పసిగట్టి ముఖం మీదే చెప్పేసేవాళ్లతో నాకు భయం. "ఏమిటమ్మా, అత్తాకోడళ్లు పోట్లాడుకున్నారా?" అని పెళ్లి పందిట్లో అడిగిన బంధువు ఉన్నారు. ఆవిడ కనిపెట్టింది సరైనదే. ఆ తర్వాత ఆవిడ ఉన్నచోట మేమిద్దరం ముఖాలు సర్దుకుని కూర్చుంటాం, ఆవిడకు ఇక ఏదీ తెలియదు.

పాత పద్దు (చిత్తూరు)

ఆవిడ మా బ్యాంకులో ఉండవలసింది.

గంధం గుండు (తిరుపతి)

అడగమని అందరూ అంటున్నారు. కొండకు వచ్చేవాళ్లలో తెలుగు, తమిళం, హిందీ ఏదీ రానివాళ్లు కూడా ఉంటారు. ఒడిశా పల్లెల నుంచి, మహారాష్ట్ర లోపలి ఊళ్ల నుంచి గుంపులుగా వస్తారు. వెన్నెలమ్మా, అలాంటప్పుడు మాటలతో తంటాలు పడవద్దు. రెండు తాళాలూ కౌంటరు మీద పెట్టు. ఒకదాన్ని చూపించి వేలు కిందికి, రెండోదాన్ని చూపించి వేలు పైకి. కొడుకు చెయ్యి చాచకముందే పెద్దాయన ఏ తాళం వైపు చూశారో చూడు. ఆ తాళం ఆయన చేతికే ఇవ్వు, కొడుక్కి కాదు.